మన్ను, రాయి, జ్ఞాపకము



భూమికి మన నిఘంటువులలో అనేక నామములు గలవు. వానిలో అచల యనునది యొకటి, స్థిర యనునది యొకటి, సర్వంసహ యనునది మరియొకటి. మొదటి రెండు పేర్లును కంటికి గోచరించు సత్యమును చెప్పుచున్నవి. మూడవ పేరు అంతకంటె లోతైన సత్యమును చెప్పుచున్నది. నేల సమస్త భారమును సహించును. అయితే సహించుట వేరు, మరచుట వేరు. నేల తనపై మోపబడిన భారమును సహించును గాని మరవదు. ఎన్నడో మోపిన బరువునకు ఎన్నడో బదులు చెప్పును. ఈ జ్ఞాపకమును లెక్కకు దెచ్చుటకై గణితశాస్త్రజ్ఞులు రెండువందల యేబది సంవత్సరములకు పైగా నడచిన త్రోవ యెట్టిదో ఈ దినము మనవి చేసెదను.

మున్ముందు ఒక దృష్టాంతము. ఇటలీ దేశమున పీసా నగరమందు ఒక గంటల గోపురము కలదు. అది ఒక ప్రక్కకు ఒరిగియున్నదని లోకప్రసిద్ధి. దానికి 1173లో పునాది వేసిరి. పునాది లోతు 3 మీటర్లు మాత్రమే. దాని క్రింద మెత్తని బంకమన్ను. మూడంతస్తులు లేచి నాలుగవది నడుచుచుండగా 1178 ప్రాంతమున పని యాగిపోయెను. రమారమి నూరేండ్లు గడచిన పిదప, 1272లో మరల నారంభమై, 1278లో మరల నిలిచెను. పైనున్న గంటల గది ముగియుసరికి 1370 ప్రాంతమైనది. ఇట్లు రెండు తడవలు పని యాగుట ఆనాటివారికి దురదృష్టముగా దోచియుండవచ్చును. కాని నేటి మృత్తికాశాస్త్రజ్ఞుల నిర్ణయ మేమనగా, ఎడతెగక కట్టియుండినచో ఆ గోపురము నిర్మాణ కాలముననే కూలియుండెడిది. ఆ విరామములలో బంకమన్నునందలి నీరు మెల్లమెల్లగా పిండబడి, మన్ను గట్టిపడి, మీది బరువును మోయుటకు శక్తి తెచ్చుకొనినది. 14,500 టన్నుల ఆ కట్టడమును నిలిపినది సున్నమును రాయియు మాత్రమే కాదు, కాలము కూడ.

మన పల్లెలలో చెరువు కట్ట పోయువారికి ఈ సంగతి క్రొత్త కాదు. క్రొత్తగా పోసిన మట్టికట్ట క్రుంగునని యెరిగి, కావలసిన కొలతకంటె కొంత యెత్తుగా పోయుట పాతకాలపు తెలివి. అయితే ఎంత క్రుంగును? ఎన్నాళ్లు క్రుంగును? ఈ రెండు ప్రశ్నలకు అనుభవము ఒక కట్ట విషయమున జవాబు చెప్పగలదు. కాని అంతకుముందెన్నడును కట్టని యెత్తున కట్టబోవునప్పుడు అనుభవము మూగవోవును. అప్పుడు గణితము కావలెను.

ఇంగ్లండు దేశస్థుడగు రాబర్టు హుక్కు 1678లో ఒక సూత్రమును ప్రకటించెను. ఒక తీగను గాని బద్దను గాని ఎంత బలముతో లాగుదుమో అంత మేరకు సాగును. వదలిన వెంటనే మొదటి స్థితికి వచ్చును. వింటిబద్ద ఇందుకు ఉదాహరణము. ఇందు కాలమునకు ప్రసక్తి లేదు. న్యూటను మహాశయుడు 1687లో వెలువరించిన తన మహాగ్రంథమున ద్రవముల విషయమై వేరొక సూత్రమును సూచించెను. ఆముదము వంటి చిక్కని ద్రవమును త్రోయునప్పుడు, బలము ద్రవము ఎంత కదలినది అను దానిని బట్టి గాక, ఎంత వేగముగా కదలుచున్నది అను దానిని బట్టి యుండును. వదలినచో అది వెనుకకు రాదు. ఒకవైపు విల్లు, మరియొకవైపు ఆముదము. ఒకటి సర్వమును జ్ఞప్తియందుంచుకొని పూర్వరూపమునకు మరలును. రెండవది తన పూర్వరూపమును ఏమాత్రము నెరుగదు.

మరి మన్ను ఏ కోవకు జెందును? తడిమట్టి ముద్దను వ్రేలితో నొక్కి తీసిన, కొంచెము వెనుకకు లేచును, కొంచెము గుంట నిలుచును. రోటికడ పిండికలుపు ఇల్లాలికిని, సారెకడ కుమ్మరికిని ఇది తెలిసిన విషయమే. రాయి గట్టిదని మనమందుము గాని, కొండల బరువు క్రింద వేలయేండ్లు నలిగిన రాయియు మడతలు పడును, ఒలికినట్లు సాగును. మన్నును రాయియు విల్లునకు ఆముదమునకు నడుమ నెక్కడనో యున్నవి.

ఇచ్చట తర్కశాస్త్రము చదివినవారికి ఒక విషయము స్ఫురింపక మానదు. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమునందు సంస్కారమను గుణమును వేగము, భావన, స్థితిస్థాపకము అని మూడు విధములుగా విభజించిరి. భావన యనగా జ్ఞాపకమునకు హేతువైనది. స్థితిస్థాపక మనగా వంచిన చాపను మరల మొదటి స్థితికి దెచ్చునది. జ్ఞాపకమును సాగుగుణమును మన తార్కికులు ఒకే గుణము క్రింద జేర్చుట గమనింపదగినది. అయితే భావనను వారు ఆత్మకే చెప్పిరి, మట్టికి చెప్పలేదు. పాశ్చాత్యుల గణితమంతయు మన గ్రంథములలోనే యున్నదని నేను చెప్పబోను. అట్లు చెప్పుట ఉభయులకును అన్యాయము. మనకు ఈ నూతన శాస్త్రమును గ్రహించుటకు తగిన మాటలు మాత్రము సిద్ధముగా నున్నవని చెప్పుచున్నాను.

ఇక గణితముకడకు వత్తము. బండి పోయిన దూరము తెలిసినచో దానినుండి వేగమును గణించవచ్చును. వేగమునుండి, ఆ వేగము ఎట్లు మారుచున్నదో గణించవచ్చును. ఇట్లు ఒక రాశినుండి దాని మార్పు వేగమును దీయు క్రియకు అవకలనమని పేరు. మన భాస్కరాచార్యులు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు గ్రహముల తాత్కాలికగతిని గూర్చి చేసిన విచారము ఈ జాతిలోనిదే. పడమటి దేశములలో న్యూటను, లైబ్నిజు అను నిరువురు దీనిని సంపూర్ణ శాస్త్రముగా నిర్మించిరి. ఈ క్రియను ఒకసారి చేయవచ్చును, రెండుసార్లు చేయవచ్చును, మూడుసార్లు చేయవచ్చును.

1695లో ఫ్రాన్సు దేశపు లోపితాల్ అను గణితజ్ఞునికిని లైబ్నిజునకును నడచిన ఉత్తరములలో ఒక వింత ప్రశ్న పుట్టెను. ఈ క్రియను అరసారి చేసిన నేమగును? విన్నవారికి ఇది పరిహాసముగా దోచును. అరసారి స్నానము చేయుట, అరసారి తలుపు మూయుట యనినట్లున్నది. లైబ్నిజు మాత్రము నవ్వలేదు. ఇది విరుద్ధముగా గనబడుచున్నను, దీనినుండి యొకనాడు ప్రయోజనకరమగు ఫలితములు వెలువడునని ఆ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన ప్రత్యుత్తరము వ్రాసెను.

అరసారి యనగా నేమో ఒక చిన్న లెక్కతో తెలిసికొందము. ఒక సంఖ్యను 9చే గుణించుట ఒక క్రియ యనుకొందము. అందులో సగము క్రియ యెయ్యది? రెండుసార్లు చేసిన యెడల 9చే గుణించినట్లు కావలెను. అట్టిది 3చే గుణించుటయే. కావున తొమ్మిదింతలు చేయుటలో సగము, మూడింతలు చేయుట. అట్లే, ఏ క్రియను రెండు పర్యాయములు చేసిన ఒక పూర్ణ అవకలనమగునో అది అర్ధావకలనము. ఇట్లే మూడవ వంతు, పాతిక, ముప్పాతిక మొదలగు భిన్నములకును. దీనికి భిన్నకలనమని పేరు పెట్టుకొందము.

లైబ్నిజు అనంతరము నూరేండ్లకు పైగా ఈ బీజము నేలలో నిద్రించెను. ఆయిలరు 1730 ప్రాంతమున దీనిని స్పృశించి విడిచెను. 1819లో లాక్ర్వా అను ఫ్రెంచి పండితుడు తన మహాగ్రంథమున దీనికి కొద్దిపాటి తావిచ్చి, అర్ధావకలనమును గణించి చూపెను. 1823లో నార్వే దేశస్థుడగు ఆబెలు, ఇంకను ఇరువదియొక్క సంవత్సరములైన నిండని ప్రాయమున, దీనిని మొదటిసారిగా ఒక నిజమైన సమస్యకు ప్రయోగించెను. వాలుగా వంచిన యే తీగపైనుండి పూసను ఎచ్చట వదలినను అడుగునకు వచ్చు కాలము సమానముగా నుండును అనునది ఆ సమస్య. 1832 మొదలు లియువీలు, 1847లో రీమాను ఈ కలనమునకు నిర్వచనములు కట్టిరి. ఇంతవరకును ఇది పండితుల బల్లమీది శాస్త్రమే గాని మట్టి నంటలేదు.

మట్టి నంటిన చరిత్ర మరియొక దారిని నడచినది. జార్జి విలియం స్కాట్ బ్లేరు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు (1902–1987) రాథమ్‌స్టెడ్ అను ప్రసిద్ధ వ్యవసాయ పరిశోధనాలయమున పనిచేయుచు తడిమట్టి యెట్లు ప్రవహించునో పరిశీలించెను. పిదప గోధుమపిండి ముద్దను పరిశీలించెను. అటు పిమ్మట పాల పదార్థముల పరిశోధనాలయమునకు పోయి జున్నుగడ్డలను పరిశీలించెను. జున్ను తయారుచేయు పనివాండ్రు గడ్డను చేతితో నొక్కి, ఇది పక్వమైనది, ఇది కాలేదు అని చెప్పెడివారు. ఆ చేతి తీర్పునకు శాస్త్రార్థమేమని ఆయన విచారించెను. రబ్బరు ముక్కను, తారు ముక్కను చేతికిచ్చి, ఏది మెత్తన యని అడిగిన, జవాబు నొక్కుచున్న కాలమును బట్టి మారుచున్నదని తేలెను. తటాలున నొక్కిన తారే గట్టి. నిదానముగా నొక్కిన తారే మెత్తన. అనగా, గట్టిదనము, మెత్తదనము అను గుణములు వస్తువునకు మాత్రమే చెందినవి కావు, కాలముతో ముడిపడియున్నవి.

ఆ పరిశీలన ఫలితముగా స్కాట్ బ్లేరును ఆయన సహచరులును 1940 తరువాతి సంవత్సరములలో ఒక సూత్రమును ప్రతిపాదించి, 1947లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు విపులముగా ప్రకటించిరి. హుక్కు సూత్రమున బలము సాగుదలను బట్టి యుండును; అనగా అవకలనము సున్న పర్యాయములు. న్యూటను సూత్రమున బలము సాగుదల వేగమును బట్టి యుండును. అనగా అవకలనము ఒక పర్యాయము. ఈ రెంటికి నడుమనున్న వస్తువునకు అవకలనము సున్నకును ఒకటికిని నడుమనున్న భిన్న పర్యాయములు కావలెను. పాతిక యైన విల్లునకు దగ్గర. ముప్పాతిక యైన ఆముదమునకు దగ్గర. రెండువందల యేబది యేండ్లకు పూర్వము ఉత్తరములో పరిహాసమువలె పుట్టిన ప్రశ్నకు తడిమట్టి, పిండిముద్ద, జున్నుగడ్డ కలిసి సమాధానము చెప్పినవి. 1948లో రష్యా దేశమున గెరాసిమోవు, రబోత్నోవు అను వారును ఇట్టి మార్గమునే త్రొక్కిరి.

ఈ సూత్రమునందు జ్ఞాపక మెట్లు దాగియున్నదో చూడుడు. అవకలనము పూర్ణసంఖ్య యైనప్పుడు ఆ క్షణమును మాత్రమే చూచును. భిన్నమైనప్పుడు గతమంతయు లెక్కలోనికి వచ్చును. అర్ధావకలనమును దీసికొందము. నిన్నటి కదలికకు ఒక పాలు ప్రాముఖ్య మిచ్చితిమేని, నాలుగు దినముల క్రిందటి అంతే కదలికకు అరపాలు, నూరు దినముల క్రిందటి దానికి పదవ పాలు లభించును. అది తగ్గుచు బోవును గాని ఎన్నటికిని సున్న కాదు. పాతపద్ధతి నమూనాలలోని మరపు వేరు. ఆ మరపు దినమునకు సగము చొప్పున అనుకొనినచో, పది దినములకే వేయింటనొక పాలునకు తగ్గిపోవును. నేల అంత త్వరగా మరవదు.

మరియొక లెక్క. అట్టి నేలపై ఒక బరువును మోపి వదలిపెట్టితిమనుకొనుడు. భిన్నము అర యైనచో, ఒక యేడు గడచుసరికి ఒక అంగుళము క్రుంగిన నేల, నాలుగేండ్లకు రెండంగుళములు, తొమ్మిదేండ్లకు మూడంగుళములు, నూరేండ్లకు పది యంగుళములు క్రుంగును. భిన్నము పాతిక యైనచో, రెండంగుళములకు పదునారేండ్లును, మూడంగుళములకు ఎనుబదియొక్క యేండ్లును పట్టును. ఎప్పటికప్పుడు నెమ్మదించుచున్నను ఎప్పటికిని ఆగదు. మృత్తికాశాస్త్రమునకు పితామహుడని పేరొందిన టెర్జాగి 1925లో ప్రకటించిన గ్రంథమున, బంకమన్ను నుండి నీరు పిండబడుటవలన కలుగు క్రుంగుదలను లెక్కగట్టెను. ఆ క్రుంగుదలయు మొదట కాలముయొక్క వర్గమూలమును బట్టియే నడచుట విశేషము. కాని నీరు పోవుట ముగిసినను మన్ను నెమ్మదిగా క్రుంగుచునే యుండునని 1936లో డచ్చి దేశపు బ్యూస్మను దీర్ఘకాలపు పరీక్షలతో చూపెను. జపాను దేశమున సముద్రమును పూడ్చి ద్వీపము గట్టి, 1994లో తెరచిన కాన్సాయి విమానాశ్రయము, నిర్మాణము మొదలైన నాటినుండి 10 మీటర్లకు మించి క్రుంగినది. ఇట్టి చోట్ల మన్ను నడవడిని ముందుగా గణించుట ఎంత యవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

విండ్లు, ఆముదపు గొట్టములు అను ఊహలతో, అనగా స్ప్రింగులను ద్రవపు గొట్టములను వరుసలుగా గూర్చి, నేల నడవడిని అనుకరించుట పూర్వపు పద్ధతి. దీర్ఘకాలపు నడవడికి సరిపోవలెననిన, అట్టివి అనేకములు గూర్చి, ఒక్కొక్కదానికి రెండేసి కొలతలు పరీక్షచే తెలిసికొనవలసివచ్చెడిది. భిన్నకలనమునందు వానికి బదులు ఒకే అంగము, రెండు కొలతలు చాలుచున్నవి. 1984లో కెల్లరు అను శాస్త్రజ్ఞుడు దానికి స్ప్రింగ్‌పాట్ అని పేరు పెట్టెను. రాతి విషయమున 1967లో ఇటలీ దేశపు భూభౌతికశాస్త్రజ్ఞుడు మికేలె కపూతో, భూకంప తరంగములు రాతిపొరలలో నడచుచు క్షీణించు విధమును వివరించుటకు భిన్నకలనమునకు క్రొత్త నిర్వచనము నిచ్చెను. ఇంజనీర్లకు సులభమగు ఆ నిర్వచనము నేడు ఆయన పేరనే వాడుకలో నున్నది. ఉప్పురాతి గనుల బోలుతావులలో సహజవాయువును నిలువచేయు పద్ధతి కలదు. ఉప్పురాయి ఒత్తిడి క్రింద నెమ్మదిగా ప్రాకి ఆ బోలును మూసివేయజూచును. ఆ ప్రాకుదలను భిన్నకలనముతో వర్ణించు నమూనాను చైనా శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిరి.

అయితే ఈ విద్యకు హద్దులును గలవు. వానిని దాచుట శాస్త్రమునకు ద్రోహము. ఇటలీ ఆల్ప్సు పర్వతములలో వయోంటు అను లోయకు అడ్డముగా సుమారు 262 మీటర్ల యెత్తున ఆనకట్ట గట్టిరి. జలాశయపు ప్రక్కనున్న టోక్ కొండచరియ 1960 నుండియు మెల్లగా ప్రాకుచుండెను. నీరు దించిన నెమ్మదించుచు, నీరు పెంచిన త్వరపడుచు అది నడచెను. ఆ కదలికను కొలిచిరి, పటములు గీసిరి. తుది దినమున వేగము దినమునకు 20 సెంటీమీటర్ల వరకు పెరిగెను. 1963 అక్టోబరు 9వ తేదీ రాత్రి దాదాపు 27 కోట్ల ఘనమీటర్ల కొండ ఒక్కుమ్మడిగా జలాశయములోనికి జారెను. లేచిన తరంగము ఆనకట్టను దాటి దిగువ గ్రామములపై బడి సుమారు రెండువేల ప్రాణములను హరించెను. ఆనకట్ట మాత్రము చెక్కుచెదరక నిలిచెను.

ఈ ఘోరమునుండి నేర్చుకొనవలసిన దేమనగా, ఒకే భిన్నముతో గూడిన సూత్రము నెమ్మదించు ప్రాకుదలను చెప్పగలదు గాని, త్వరపడి తెగిపోవు ప్రాకుదలను చెప్పజాలదు. రాయి లోలోపల పగుళ్లు వారుచున్నప్పుడు దాని స్వభావమే మారిపోవును. అందుచేత తరువాతి పరిశోధకులు భిన్నమే కాలముతో మారునట్లును, రాతి నష్టమును గూడ లెక్కలో జేర్చునట్లును సూత్రములను సవరించుచున్నారు. అంతియే కాదు. ఆ భిన్నమెంత అనునది ఊహచే రాదు. ఆయాచోటి మన్నును రాతిని త్రవ్వి తెచ్చి, ఓపికతో దీర్ఘకాలము పరీక్షించినగాని తెలియదు. కొలత లేని సూత్రము పైరు లేని పొలము వంటిది. సూత్రము హెచ్చరించినను వినువాడు లేనిచో అది వ్యర్థమే యగును.

విన్నచోట ఫలము కలిగినది. పీసా గోపురము ఒరుగుదల ప్రమాదస్థితికి వచ్చుటచే 1990లో సందర్శకులకు దానిని మూసివేసిరి. పిమ్మట పెక్కేండ్లు కొలిచి, చర్చించి, 1999 మొదలు 2001 వరకు, ఒరిగిన ప్రక్కకు ఎదుటి ప్రక్కనుండి, అనగా ఉత్తరపు దిక్కున, పునాది క్రింది మన్నును కొంచెము కొంచెముగా తీసిరి. గోపురము రమారమి అర డిగ్రీ వెనుకకు వచ్చినది. 2001 డిసెంబరులో మరల తెరచిరి. బలాత్కారముగా లాగలేదు, సిమెంటుతో బంధింపలేదు. మన్ను తన స్వభావముచే నెమ్మదిగా సర్దుకొనుటకు అవకాశమిచ్చిరి. ఎనిమిదివందల యేండ్ల క్రిందట విరామము చేసిన మేలునే ఈ నాటి ఓపికయు చేసినది.

గ్రామములందలి పెద్దలారా, పిల్లవాడు ఏదైన క్రొత్త విద్యను చదువుచున్నప్పుడు దానివలన ఫలమేమని మన మడుగుట సహజము. అడుగవలసినదే. కాని ఫలము ఎప్పుడు అని కూడ అడుగుదము గాక. 1695లో వేసిన ఒక ప్రశ్న 1947 నాటికి మట్టిని చేరినది. ఆ నడుమనున్నవారు, తాము చూడబోని పంటకు విత్తనము కాపాడినవారు. తాత నాటిన మామిడి ఫలములను మనుమడు తినుట మన యిండ్లలో నిత్యము జరుగు విషయమే. విద్యయందును అట్లే.

నేల సర్వంసహయే. కాని దాని సహనమునకు లెక్క యున్నది. ఆ లెక్కయందు నేటి బరువుతోపాటు నిన్నటి బరువును, తాతలనాటి బరువును గూడ చేరియుండును. కట్ట పోయువాడును, మేడ గట్టువాడును, కొండ త్రవ్వువాడును దీనిని మరవకుందురు గాక.